బాట్ మిట్జ్వా హాల్లో వేలాడే హీలియం బెలూన్‌కు బహిరంగ లేఖ

హీలియం బెలూన్‌కు,

వచ్చే అక్టోబరులో, ఇక్కడ న్యూజెర్సీలో, మా అమ్మాయి స్నేహితురాలికి బాట్ మిట్జ్వా, అంటే యూదు అమ్మాయి పెద్దవాళ్ళ లెక్కలోకి వచ్చే వేడుక, జరగబోతోంది. ఆ వేడుకకు నువ్వు రావద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. నలుగురూ చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, నీ రాకపోకలు ఆ ఒక్క హాలుతో ఆగవు. ఏడో తరగతి పిల్లలున్న ఇళ్ళకు ఇక్కడి శనివారాల సంగతి తెలుసు. ప్రార్థన జరిగే సినగాగు మారుతుంది, కుటుంబం మారుతుంది, పాటలు మారతాయి. గుమ్మానికి కమానుగా, బల్లల మీద గుత్తులుగా, పైకప్పుకు ఆనుకున్న వెండిరంగు అక్షరాలుగా నువ్వు మాత్రం ప్రతిచోటా ఉంటావు.

ఈ వేడుకను భూమికి వీలైనంత తక్కువ హాని జరిగేలా చెయ్యాలని ఆ పిల్ల తల్లి అనుకుంది. వందలమందికి వండి వడ్డించే పెళ్ళిళ్ళలో పెరిగినదాన్ని కాబట్టి నన్నూ వచ్చి కూర్చోమంది. తేల్చాల్సినవి చాలా ఉన్నాయి. ఆహ్వానాలు, పళ్ళేలు, తిండి, విమానాల్లో వచ్చే చుట్టాలు. బరువు తూచి చూస్తే ఇలాంటి వేడుకల్లో పెద్ద భారం ప్రయాణాలది, మాంసానిది. నీ వంతు చిన్నదే, ఒప్పుకుంటాను. అయినా మొదట నీ దగ్గరికే వచ్చాను. మనవరాలిని చూడ్డానికి రావద్దని ఏ నాయనమ్మకూ చెప్పలేం. వచ్చినవాళ్ళను ఆకలితో పంపలేం. నీ అవసరం మాత్రం అక్కడ ఎవరికీ లేదు. పైగా ఆ రోజు ఆ పిల్ల నెత్తికెత్తుకునే బాధ్యతకు నువ్వు నేరుగా విరుద్ధం.

పదమూడేళ్ళకు యూదుల అబ్బాయి, పన్నెండేళ్ళకో పదమూడేళ్ళకో అమ్మాయి, తమ ధర్మం ముందు తామే జవాబుదారులవుతారు. విందు పెట్టినా పెట్టకపోయినా ఆ వయసు రాగానే అది జరిగిపోతుంది. సబ్బాతు నాడు, అంటే శనివారం ఉదయం, సినగాగులో బిడ్డను వాళ్ళ పవిత్ర గ్రంథమైన టోరా దగ్గరికి పిలుస్తారు. ఆ వారానికి వచ్చిన భాగాన్ని రాగయుక్తంగా చదివి, దాని మీద తనకు తోచింది సభకు చెప్పాలి. అప్పుడు తండ్రి పలకవలసిన ఒక సంప్రదాయ వాక్యం ఉంది. ఇప్పుడు కొన్ని చోట్ల తల్లి కూడా పలుకుతుంది. ఈ బిడ్డ చేసే పనుల భారం నుంచి నన్ను విడిపించిన దేవుడికి స్తుతి అని దాని సారాంశం. మొదటిసారి విన్నప్పుడు కన్నవాళ్ళు అనే మాటేనా ఇది అనిపించింది. ఆలోచించిన కొద్దీ, ఒక పిల్లకు పెద్దవాళ్ళు ఇవ్వగలిగిన గౌరవం ఇంతకు మించి లేదనిపించింది. ఇక నుంచి నువ్వు చేసింది నీదే, దాని లెక్క ఇంకొకరు తీర్చరు అని నిండు సభలో చెప్పడం కదా అది.

నీ లెక్క ఎవరు తీరుస్తున్నారో అడగడానికే ఇదంతా చెబుతున్నాను. నిన్ను ఊదించినవాళ్ళు తీర్చడం లేదు. తెల్లారేసరికి వాళ్ళు నిన్ను మరిచిపోతారు.

అమ్మాయిలకు ఈ గౌరవం తేలిగ్గా రాలేదు. 1922 మార్చి 18న న్యూయార్క్‌లో జూడిత్ కాప్లాన్ అనే పన్నెండేళ్ళ అమ్మాయి సభ ముందు నిలబడి టోరా భాగం చదివింది. అమెరికాలో మొదటి బాట్ మిట్జ్వాగా దాన్నే చెప్పుకుంటారు. తండ్రి మొర్దెకై కాప్లాన్ రబ్బీ, అంటే యూదుల మతగురువు. అంతటి ఆయన కూతురైనా ఆమె టోరా చుట్ట ముందు నిలబడలేదు. కాస్త ఎడంగా నిలబడి, అచ్చు పుస్తకంలోంచి చదివింది. డెబ్బై ఏళ్ళ తర్వాత, 82 ఏళ్ళ వయసులో, ఆమె రెండోసారి బాట్ మిట్జ్వా జరుపుకుంది. ఈ తరం అమ్మాయి చుట్ట ముందే నిలబడుతుంది. చర్మపత్రం మీద చేత్తో రాసిన చుట్ట అది. రాసి పూర్తి చెయ్యడానికి ఏడాది దాకా పడుతుంది. వేలు తగలకుండా వెండి పుల్లతో అక్షరాలు చూపుతూ చదువుతారు. 1964లో చెక్ ప్రాంతాల నుంచి 1,564 టోరా చుట్టలు లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ సినగాగుకు చేరాయి. వాటిని చదివిన సమాజాలను నాజీలు తుడిచిపెట్టారు, చుట్టలు మిగిలాయి. బాగుచెయ్యగలిగినవి బాగుచేసి దేశదేశాల సినగాగులకు అప్పుగా ఇచ్చారు. అమెరికాలోనూ వాటిని చదివి పెద్దవాళ్ళయిన పిల్లలున్నారు. పొద్దున అలాంటి వస్తువును వేలితో కూడా తాకకుండా కాపాడిన బిడ్డకు, సాయంత్రం ఒక్క పూట కోసం ఊదిన నిన్ను చూపించి ఇదే సంబరం అనడం నాకు మింగుడుపడదు.

ఆ టోరాలోనే నిన్ను నిలదీసే నియమం ఒకటుంది. ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయంలో, యుద్ధనీతి చెబుతున్న చోట వస్తుంది. పట్టణాన్ని ముట్టడించినా దాని పండ్ల చెట్ల మీద గొడ్డలి వెయ్యకూడదు. తర్వాతి రబ్బీలు ‘బల్ తష్‌హిత్’ (పాడుచెయ్యకు) పేరుతో ఈ నియమాన్ని చెట్ల దగ్గర ఆపకుండా అన్నిటికీ చాచారు. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ దాని కిందికి ఏమేం వస్తాయో చెప్పాడు. కావాలని గిన్నెలు పగలగొట్టడం, బట్టలు చింపడం, కట్టడం కూల్చడం, ఊట పూడ్చడం, తిండి పాడుచెయ్యడం. ప్రాణాలు పోయే యుద్ధంలోనే పనికొచ్చేదాన్ని పాడుచెయ్యొద్దన్న ధర్మం, విందు గదిలో మాత్రం కళ్ళు మూసుకుంటుందా?

యూదు సమాజం ఈ ప్రశ్నను ఇవాళ కొత్తగా వేసుకోలేదు. 1418లోనే ఇటలీలోని ఫోర్లీలో యూదు ప్రతినిధులు సమావేశమై విందుల ఆడంబరానికి హద్దులు పెట్టారు. 20వ శతాబ్దంలో న్యూయార్క్‌లో ఉన్న రబ్బీ మోషే ఫైన్‌స్టైన్, ఆర్థడాక్స్ యూదులు ఎంతో గౌరవించిన ధర్మశాస్త్రవేత్త, తనకు శక్తి ఉంటే ఈ దేశంలో అబ్బాయిలకు చేసే బార్ మిట్జ్వా వేడుక జరుగుతున్న పద్ధతినే మాన్పించేవాడినని రాశారు. ఆయన బాధ చెత్త గురించి కాదు. ఇంత చేసినా పిల్లలు ధర్మానికి దగ్గర కావడం లేదన్నది ఆయన వేదన. నా దృష్టిలో ఈ రెండూ ఒకే చోట కలుస్తాయి. వేడుక దేనికోసమో మరిచిపోయిన గదిలోకే నువ్వు వస్తావు.

నీతో నాకు ఇంకో లెక్క కూడా ఉంది. నాది గుంటూరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు పియరీ జాన్సెన్ మా ఊరొచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. చీకటి పడ్డ ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును పట్టకంతో విడదీసి చూశారు. అందులో కనబడిన పసుపు గీత, భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని ఆ తర్వాత తేలింది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాక్‌యర్ కూడా ఆ గీతను చూశాడు. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అని పేరొచ్చింది. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజంలోంచి దాన్ని బయటికి తీసేదాకా అది భూమ్మీద ఎవరి చేతికీ చిక్కలేదు. మా జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉంది, వాళ్ళకో చిన్న సినగాగు ఉంది. ఈ రెండు సంగతులూ చెప్పినప్పుడు ఆ పిల్ల తల్లి చాలాసేపు నన్ను గుంటూరు గురించే అడిగింది.

నీలో నింపే వాయువు విలువ తెలియాలనే ఈ చరిత్ర చెప్పాను. యురేనియం, థోరియం నేల లోతుల్లో కోట్ల ఏళ్ళ పాటు నెమ్మదిగా క్షీణిస్తుంటే హీలియం పుడుతుంది. కొంత సహజవాయువుతో పాటు రాళ్ళ కింద చిక్కుకుంటుంది. దాన్ని తవ్వి తీస్తాం. ఒకసారి గాలిలో కలిస్తే భూమి ఆకర్షణ కూడా దాన్ని పట్టి ఉంచలేదు, మెల్లగా అంతరిక్షంలోకి జారిపోతుంది. ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ యంత్రపు అయస్కాంతాన్ని సున్నాకు 269 డిగ్రీల దిగువన చల్లగా ఉంచేది ద్రవ హీలియమే. గత ఇరవై ఏళ్ళలో హీలియం కొరత మళ్ళీ మళ్ళీ వచ్చింది. బెలూన్లకు వాడేది తక్కువ శుద్ధమైన రకం అని దుకాణాలవాళ్ళు చెబుతారు. నిజమే. కానీ అదీ ఆ బావుల్లోంచి వచ్చిందే, దాన్నీ శుద్ధి చెయ్యొచ్చు. ఒక పాప పేరు మూడు గంటలు గాల్లో తేలడానికి దాన్ని ఖర్చుపెట్టడం న్యాయం కాదు.

నీ తొడుగు సంగతి ఇంకా దారుణం. అలంకరణ చేసే ఆయనతో మాట్లాడినప్పుడు, లేటెక్స్ అంటే రబ్బరు చెట్టు పాలే, మట్టిలో కలిసిపోతుంది అన్నాడు. ఆయన నమ్మే చెప్పాడు, అమ్మే కంపెనీలు అలాగే చెబుతాయి. ఆస్ట్రేలియాలో టాస్మేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు లేటెక్స్ బెలూన్లను ఉప్పునీటిలో, మంచినీటిలో, పారిశ్రామిక కంపోస్టులో 16 వారాలు ఉంచి చూశారు. కంపోస్టులో వేసినవి కూడా ఆకారం పోకుండా అలాగే ఉన్నాయి. అక్కడి శాస్త్రజ్ఞులే 2019లో మరో పరిశోధన ప్రచురించారు. 1,733 సముద్రపక్షుల కళేబరాలను కోసి చూస్తే, గట్టి ప్లాస్టిక్ ముక్క మింగిన పక్షి కంటే బెలూన్ ముక్క మింగిన పక్షి చనిపోయే ప్రమాదం 32 రెట్లు ఎక్కువ అని తేలింది. మెత్తగా ఉండటమే నీ ప్రమాదం. గట్టి ముక్క జారిపోవచ్చు, నువ్వు పేగుకు అడ్డం పడతావు. సముద్ర తాబేళ్ళు నిన్ను చూసి జెల్లీచేప అనుకుంటాయి.

మెరిసే రేకు రకానివి ఇంకో పద్ధతిలో హాని చేస్తాయి. పైన లోహపు పూత ఉంటుంది కాబట్టి కరెంటు తీగలకు తగిలితే షార్ట్ సర్క్యూట్ అయి వీధులకు వీధులు చీకటిలో పడతాయి. కాలిఫోర్నియా 2022లో చట్టం చేసి, విద్యుత్తు ప్రసరించని రకానికి క్రమంగా మారమని చెప్పింది. బెలూన్లను కావాలని గాలిలోకి వదలడాన్ని మేరీలాండ్, వర్జీనియా 2021లో, ఫ్లోరిడా 2024లో నిషేధించాయి. ఇంత దాకా రావడానికి అమెరికాకు చాలా ఏళ్ళు పట్టింది. 1986 సెప్టెంబరు 27న క్లీవ్‌లాండ్‌లో ఒక సేవాసంస్థ విరాళాల కోసం దాదాపు 15 లక్షల బెలూన్లను ఒక్కసారిగా వదిలించింది. వాన, చలిగాలి వాటిని కిందికి తోసేశాయి. ఈరీ సరస్సు నిండా అవే. అప్పటికే ఇద్దరు జాలర్లు సరస్సులో తప్పిపోయి ఉన్నారు. నీళ్ళమీద తేలే బెలూన్ల మధ్య మనిషి తల ఏదో గుర్తుపట్టలేక వెతుకులాట కష్టమైంది. ఇద్దరి శవాలూ తర్వాత దొరికాయి. ఆ బెలూన్లను ఊదినవాళ్ళలో పిల్లలూ ఉన్నారు, అదీ మంచి పనికోసమే.

మేం బయట వదలం, హాల్లోనే ఉంచుతాం అని చాలామంది అంటారు. అలంకరణ చేసే ఆయనా అదే అన్నాడు. విందు ముగిసే వేళ చూస్తే తెలుస్తుంది. చిన్నపిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో దారం పట్టుకుని కారు దగ్గరికి వెళ్తారు. తలుపు తీసే లోపు కొన్ని చేతులు జారతాయి. ఇక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు, గాలి ఎటు వీస్తే అటు. హాల్లో మిగిలినవాటిని పనివాళ్ళు రాత్రి సూదితో పొడిచి సంచుల్లో నింపుతారు. గ్యాసు ఎటూ పోయినట్టే, తొడుగు చెత్తకుప్పకు చేరుతుంది. ఏ దారిన పోయినా నిన్ను సర్దేది వేడుక చేసుకున్నవాళ్ళు కారు.

నువ్వు లేకపోతే ఆ హాలు బోసిపోతుందేమో అన్న భయం కూడా మా చర్చల్లో వచ్చింది. నేనైతే ఈ వేడుకలో ఉన్న అందాన్ని నువ్వే కమ్మేస్తున్నావంటాను. శనివారం రాత్రి విందు, సబ్బాతును సాగనంపే హవ్దలాతో మొదలుపెట్టొచ్చు. ఆకాశంలో మూడు చుక్కలు కనబడ్డాక, దీపాలు తగ్గించి, జడలా అల్లిన మైనపు వత్తి వెలిగించి, లవంగాలు, దాల్చినచెక్క ఉన్న చిన్న డబ్బాను చేతులు మారుస్తూ అందరూ వాసన చూస్తారు. ఆ తర్వాత హోరా నాట్యం. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి పైకెత్తి చుట్టూ తిరుగుతారు. ఈ రెంటికీ కావలసింది ఒక వత్తి, ఒక కుర్చీ, ఎత్తడానికి బలమున్న మేనమామలు, బాబాయిలు.

పళ్ళేల దగ్గర మాత్రం నిజంగా చిక్కుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. చాలా సినగాగుల్లో సబ్బాతు భోజనానికి వాడిపారేసే పళ్ళేలు పెట్టడానికి కారణం బద్ధకం కాదు. మాంసానికీ పాలకూ వేరు పాత్రలుండాలి. ఆ రోజు మళ్ళీ వాడనివాటిని సబ్బాతు నాడు కడగకూడదు. మాంసం లేని భోజనమైతే సగం చిక్కు తీరుతుంది, పాత్రలు ఒక జత చాలు. ఎంగిలి గీకి పేర్చిపెట్టి, శనివారం చీకటి పడ్డాక కడుక్కోవచ్చు. కడగడానికి మనుషులు కావాలి, అది మేం చూసుకుంటాం అని ఇద్దరు ముగ్గురు తల్లులం చెప్పాం. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు శుభకార్యాల్లో ఏలీయా ప్రవక్తను తలుచుకుంటూ పెట్టే మలీదా గురించి కూడా ఆ పిల్ల తల్లికి చెప్పాను. తడిపిన అటుకులు, కొబ్బరి తురుము, తీపి, యాలకులు, పక్కన పండ్లు. అది విన్నాక ఆవిడ, ఉదయం ప్రార్థన తర్వాతి భోజనంలో ఇదొక వంటకం ఉండాలంది.

మిగతావి త్వరగానే తేలాయి. తలకు పెట్టుకునే కిప్పాల లోపల పిల్ల పేరు, తేదీ అచ్చు వెయ్యడం మానుకుంటే, మిగిలినవి సినగాగు ఎన్నాళ్ళైనా వాడుకుంటుంది. బల్లల మధ్య నీ గుత్తుల స్థానంలో పిల్లల పుస్తకాలు పేర్చి, మర్నాడు గ్రంథాలయం లేని బడికి ఇస్తారు. చదవడం అయ్యాక పిల్ల మీద విసిరే మిఠాయిలు ప్లాస్టిక్ కాగితంలో కాకుండా చిన్న గుడ్డ మూటల్లో ఉంటాయి, ఏరి మళ్ళీ వాడుకోవచ్చు. పేరు అచ్చువేసిన స్వెట్‌షర్టులు ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. పిల్లలు అవి నిజంగానే వేసుకుంటారని మా అమ్మాయి వాదన. అందులో కొంత న్యాయముంది. 1985లో మొదలైన మేజోన్ అనే యూదు సంస్థ, వేడుకల ఖర్చులో 3 శాతం ఆకలిగొన్నవాళ్ళ కోసం ఇమ్మని కుటుంబాలను అడుగుతుంది. ఆ పిల్ల కుటుంబం ఆ వాటాను ముందే పక్కన పెట్టేసింది.

మా తెలుగువాళ్ళ గురించీ చెప్పాలి. ఈ ఊళ్ళో ఓణీల ఫంక్షన్లు, పంచెల ఫంక్షన్లు అవే హాళ్ళలో, అదే అలంకరణవాళ్ళతో జరుగుతాయి. మామిడి తోరణం కట్టాల్సిన గుమ్మానికి నీ కమాను, కలశం వెనక నీ గోడ. అక్కడా నువ్వు వద్దు. ఆ మాట ఈ దసరాకు తెలుగు సంఘం సమావేశంలో కూడా చెప్పబోతున్నాను.

అన్నిటికన్నా నాకు ధైర్యమిచ్చింది ఆ పిల్ల. ఆ వారం చదవాల్సిన భాగం నోవహు కథ. లోకం మునిగిపోతుంటే ఒక మనిషి ప్రతి జీవినీ ఓడలోకి ఎక్కించుకుంటాడు. నేల తేలిందో లేదో చూడ్డానికి కాకిని, పావురాన్ని పంపుతాడు. ఈ కథ మీద తను ఏం మాట్లాడాలో ఆలోచిస్తూ, బెలూన్లు తినే పక్షుల గురించి తనే చదివి వచ్చింది. నువ్వు వద్దని తల్లితో చెప్పింది ఆ పిల్లే, నేను కాదు.

ఒప్పుకోనిది నాయనమ్మ ఒక్కరే. ఆవిడ మాటను నేను కొట్టిపారెయ్యను. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ సినగాగులో అమ్మాయిలకు ఈ వేడుకే లేదు. మనవరాలికి జరుగుతుంటే గుమ్మంలో అడుగుపెట్టగానే అది పండగ అని తెలియాలని ఆవిడ ఆశ. అందుకని గుమ్మం అలంకారం నేను తీసుకున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళం బతుకమ్మ కోసం, దసరా కోసం పెరళ్ళలో బంతులు వేస్తాం, మొదటి మంచు పడేదాకా అవి విరగబూస్తాయి. మా వీధిలో నాలుగు ఇళ్ళవాళ్ళు పువ్వులు ఇస్తామన్నారు. రబ్బీని అడిగితే సరేనన్నారు, కాకపోతే శుక్రవారం సూర్యుడు కుంకేలోపు దండలు కట్టడం అయిపోవాలన్నారు. అలంకరణ చేసే ఆయనకు నీ కమాను, నీ గుత్తులు, నీ అక్షరాలు వద్దని కబురు వెళ్ళింది. బల్లలకు గుడ్డలు, దీపాలు మాత్రం ఆయనే చూస్తారు. దండలు తడిగుడ్డలో చుట్టి హాలు వంటగదిలో ఉంచుకోవచ్చని కూడా ఆయనే చెప్పారు.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక తల్లి